షాహుల్ బండికి ఏమేం వేయాలి

అల్ వర్సాన్, దుబాయ్
4 జూన్ 2023

నా బిడ్డ షాహుల్‌కి,

అబ్బా దువా చేసి రాస్తున్నది. నువ్వు ఫోన్ గోడకేసి కొట్టావని మీ అక్క మాహిరా చెప్పింది. నన్ను బనియాస్‌లో వాళ్ళ ఇంటికి రావద్దని కూడా దాని చేతే చెప్పించావు. ఇంకేం చేసేది, కాగితం తీసుకున్నా. మీ బావ ఫైజల్ కూరగాయలకి వ్యాన్ వేసుకుని మా పక్కనే అల్ అవీర్ మార్కెట్‌కి వస్తాడు గదా, అతని చేతికిచ్చి పంపుతున్నా. చదవాలనిపించకపోతే దిండు కింద పెట్టుకో, అంతే.

నీ బండి గురించి ఒక మాట అడగాలి. మా బిల్డింగ్ వెనక షెడ్డు ఖాళీ చేయమన్నారు. గోడౌన్‌లో ఆ ర్యాక్ నీ మీద కూలినప్పటి నుంచి బండి కవర్ కింద అట్టే పడుంది. బ్యాటరీ చచ్చిపోయింది. సీట్ల మీద కూడా ఇసక. రికవరీ బండి మీద ఎక్కించి, రాస్ అల్ ఖోర్‌లో నీ దోస్తు ఖాదర్ హుస్సేన్ గ్యారేజీకి తోలించా.

అతను డిక్కీ తెరిచి ఒక పెద్ద అట్టపెట్టె బయటికి తీశాడు. సీలు కూడా తీయలేదు. "చాచా, ఇది షాహుల్ తెప్పించుకుందే. బిగించేదా?" అన్నాడు. చూస్తే ఏసీ సామాను మాదిరి ఉంది. "బండిలో ఏసీ బాగానే ఉంది గదయ్యా" అన్నా. గ్యారేజీలో అందరూ నవ్వారు. టర్బో మార్చాలని కూడా నువ్వు అనేవాడివంట. ముందు ఏది, తర్వాత ఏది, నిన్నే అడిగి చెప్పమన్నాడు.

ఈ బండి కొన్నప్పుడు నేను నీతో నెల రోజులు మాట్లాడలేదు. రెండు డోర్ల బండి, నలుగురు కూర్చోలేని బండి, ఎందుకురా అన్నా. ఇప్పుడు దాని పక్కన నిలబడి వాళ్ళు అడిగే ప్రశ్నలకి నోరెళ్ళబెడుతున్నా.

నువ్వు చెప్తే చేయిస్తా. లేదంటే గమ్మునుంటా.

నీ జవాబు కోసం చూసే
మీ అబ్బా, అబ్దుల్ రహీం

~

బనియాస్
15 జూన్ 2023

అబ్బాకి,

బండి అమ్మేయండి. కాళ్ళు కదలనోడికి బండెందుకు.

అది ఏసీ సామాను కాదు. ఇంటర్‌కూలర్. టర్బో గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోస్తుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. ఇక్కడి ఎండకి ఇంకా వేడెక్కుతుంది. ఆ గాలిని చల్లార్చి పంపేది ఇంటర్‌కూలర్. కంపెనీ వేసిన కూలర్ చిన్నది, ఆగస్టులో దాని వల్ల కాదు. అది మార్చకుండా టర్బో జోలికి పోతే పిస్టన్లు పగిలిపోతాయి. ఇదంతా ఖాదర్‌కి తెలుసు. మిమ్మల్ని ఆటపట్టిస్తున్నాడు.

కొనుక్కున్నవాడు బిగించుకుంటాడు. పెట్టె కూడా ఇచ్చేయండి.

షాహుల్

~

అల్ వర్సాన్
21 జూన్ 2023

నా బంగారు షాహుల్‌కి,

నీ చేతిరాత చూసి ఎన్నాళ్ళయిందిరా. చిన్నప్పుడు నెల్లూరు బడిలో రాసినట్టే, 'క' కి తలకట్టు ఇంకా వంకరే.

అమ్మమన్నావు. అమ్మలేదు. తిట్టుకో. నీ కాగితం ఖాదర్‌కి చదివి వినిపించా. "దొరికిపోయానే" అని నవ్వి, అప్పటికప్పుడు ముందు బంపర్ ఊడదీయించి ఇంటర్‌కూలర్ బిగించాడు. నేను దగ్గరుండి చూశా. నిజం చెప్పాలంటే వాళ్ళకి అడ్డం పడుతూ చూశా.

డ్యూటీ నుంచి కంపెనీ బస్సు దిగినాక రూముకి పోబుద్ధి కావడం లేదు. రోజూ గ్యారేజీకే పోతున్నా. ఒక పాత టైరు మీద కూర్చుంటా, వాళ్ళు సులేమానీ టీ పోస్తారు. ఒక కుర్రోడు వచ్చి, పొగ గొట్టం చప్పుడు పక్క వీధికి వినబడాలి, ఇంకేం అక్కర్లేదన్నాడు. ఖాదర్ నాతో చెవిలో "చూడు చాచా, మన షాహుల్ ఇట్టా ఒక్కసారి కూడా అడగలా" అన్నాడు. ఆ మాట నాకు ఎంత బాగుందో.

ఇప్పుడు టర్బో దగ్గరికొచ్చాం. చిన్నదైతే తొందరగా అందుకుంటుందంట, పెద్దదైతే ఆలస్యంగా లేచినా విడవకుండా లాగుతుందంట. నువ్వయితే ఏది వేస్తావు? రాయి.

ఇంకొకటి. ఎట్టా చెప్పాలో తెలియక ఇందాకట్నుంచి తిప్పుతున్నా. కాళ్ళతో పని లేకుండా నడిపే లివర్ ఉంటదంట. స్టీరింగ్ పక్కన బిగిస్తారు. ముందుకి తోస్తే బ్రేకు, కిందికి నొక్కితే రేసు. నీది ఆటోమేటిక్ బండి గాబట్టి కుదురుతుందన్నాడు ఖాదర్. ట్రాఫిక్ వాళ్ళ అనుమతి కావాలి, మళ్ళీ టెస్టు ఇవ్వాలి. అయినా కుదురుతుంది. నువ్వు ఊ అంటే చాలు.

గోడౌన్‌లో నీ మీద కూలిన ర్యాకుల వరస మొత్తం తీసేసి కొత్తది నిలబెట్టారు. నేను అటువైపు పోను. అక్కడి సామాను కావాలంటే ఎవరినో ఒకరిని పంపిస్తా. అక్కడ నీకు పని ఇప్పించింది నేనే. నువ్వు నన్ను రావద్దన్నది అందుకేనని నాకు తెలుసు. అందుకే నేను ఏమీ అనడం లేదు.

నాకు జవాబు రాసిన రోజు నువ్వు అన్నం తిన్నావని మాహిరా చెప్పింది.

నీ కోసం నమాజులో ఎక్కువసేపు కూర్చుంటున్న
మీ అబ్బా

~

బనియాస్
9 జూలై 2023

ప్రియమైన అబ్బాకి సలాం,

ఆలస్యమైంది, ఏమనుకోకండి. బాగా ఆలోచించి రాస్తున్నా. నాకిప్పుడు మనసు తేలిగ్గా ఉంది. అక్క కూడా అదే అంటోంది. గడ్డం గీసుకున్నా.

ఖాదర్‌తో ఇలా చెప్పండి. టర్బో పెద్దదే వేయమనండి, అతని దగ్గరున్న వాటిలో అన్నిటికంటే పెద్దది. దానికి సరిపడా పెట్రోలు పంపు, ఇంజెక్టర్లు మార్చాలి. సైలెన్సర్ గొట్టం మొత్తం వెడల్పుది. తర్వాత ల్యాప్‌టాప్ పెట్టి ఇంజన్ ట్యూన్ చేసేటప్పుడు ఎక్కడా వెనక్కి తగ్గొద్దు. కంపెనీ పెట్టిన స్పీడు కట్టడి కూడా తీసేయాలి. లివర్ పెట్టించండి. మీరు ఆ సంగతి రాసినందుకు నేను ఎంత సంతోషించానో మీకు తెలియదు.

బ్రేకులు వద్దు, ఉన్నవి చాలు. టైర్లు కూడా పాతవే ఉండనీయండి. పనికిమాలిన బరువు వద్దు, పక్క సీటు ఊడదీయించేయండి.

తయారయ్యాక ఒక్కసారి నడపాలి. లీవా వైపు ఎడారి రోడ్డు మీద, తెల్లవారుతుండగా. అప్పుడు లారీలు కూడా ఉండవు. నేనొక్కణ్నే పోతా. ఫైజల్ బావ నన్ను సీట్లో కూర్చోబెట్టి వెళ్ళిపోతే చాలు.

అబ్బా, ఆ ర్యాక్ కూలడం మీ తప్పు కాదు. ఆ పని కాకపోతే ఇంకో పనిలో చేరేవాణ్ని. మీరు దాన్ని మనసులోంచి తీసేయాలి. ఈ మాట ఎప్పటినుంచో రాయాలనుకుంటున్నా, ఇప్పుడు రాసేశా. నా బట్టలు, ల్యాప్‌టాప్ బావని వాడుకోమన్నా. ఊరికే పడున్నాయి.

మీ ఆరోగ్యం చూసుకోండి. షుగర్ మాత్రలు మానొద్దు.

మీ ప్రేమ మరవని
షాహుల్

~

అల్ వర్సాన్
13 జూలై 2023

షాహుల్, నా నాయనా,

నీ ఉత్తరం పట్టుకుని పరిగెత్తినంత పని చేసి గ్యారేజీకి పోయా. ఎంత సంతోషమో. ర్యాక్ గురించి నువ్వు రాసిన ముక్క ఎన్నిసార్లు చదువుకున్నానో. ఖాదర్ ఒక బండి కింద పడుకుని ఉన్నాడు. నేను నిలబడి పెద్దగా చదువుతూ పోయా. బ్రేకులు వద్దు అన్న కాడికి వచ్చేసరికి అతను బయటికి జరిగాడు.

"చాచా, మళ్ళీ చదువు."

మళ్ళీ చదివా.

"టైర్లు కూడా వద్దన్నాడా?"

"పాతవే చాలన్నాడు."

అతను చేతులు తుడుచుకోలేదు, లేవలేదు. అట్టాగే నేల మీద కూర్చుండిపోయాడు. "పోయినేడు ఇదే బండి దగ్గర వాడు నాతో కొట్లాడినాడు చాచా. నేను ముందు టర్బో వేద్దామంటే, ఆపలేని బండికి పవరెందుకు, ముందు బ్రేకులు, తర్వాత టైర్లు, ఆ తర్వాతే మిగతావి అన్నాడు. వాడు రాసిన ఉత్తరం కాదిది" అన్నాడు. నా చేతిలో కాగితం చూపించి, "ఈ బండి వాడికి పోవడానికే కావాలి. ఆపడానికి కాదు" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. ఆ కాగితమే మళ్ళీ చదివితే ప్రతి ముక్కా వేరేగా వినబడింది. బట్టలు బావకిచ్చావు. నన్ను మాత్రలు వేసుకోమన్నావు. నన్ను క్షమించావు. నేను దాన్ని పండగలాగా చదువుకున్నా.

చచ్చిపోవాలనుకున్నావా నాయనా? ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా అడుగుతున్నా. అడగడానికి భయపడితే రేపు ఇంకెవరిని అడిగేది?

2020లో మీ అమ్మీ పోయింది. విమానాలు లేవు. ఇదే రూములో మనిద్దరం మంచం మీద పక్కపక్కన కూర్చుని, నెల్లూరులో ఆమెని మట్టి చేయడం ఫోన్‌లో చూశాం. మధ్యలో సిగ్నల్ పోయింది. నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు. ఇంకోసారి నేను దూరం నుంచి చూడలేను. నా వల్ల కాదు.

నువ్వు చెప్పిన టర్బో వేయించడం లేదు. ట్యూనూ చేయించడం లేదు. ఖాదర్ కూడా చచ్చినా చేయనన్నాడు. నీ మీద కోపంతో కళ్ళనీళ్ళు పెట్టుకుని, నన్ను అడగకుండానే కొత్త బ్రేకులకి ఆర్డర్ పెట్టేశాడు. వద్దన్నా వినలేదు. బండి తాళాలు నా జేబులో ఉన్నాయి.

మాహిరాకి ఫోన్ చేసి అంతా చెప్పా. అది ఏడ్చింది, కానీ ధైర్యంగానే ఉంది. తను పనిచేసే క్లినిక్‌లో మనసు బాగోలేనివాళ్ళని చూసే డాక్టరమ్మ ఉందంట, నిన్ను తీసుకుపోతానంది. పోవాలి. దాని మీద అరవొద్దు. అరవాలనిపిస్తే నా మీద అరుచుకో.

రావద్దన్నావు. ఆదివారం వస్తున్నా. తిట్టు, చేతికందింది విసురు, మాట్లాడకు. నేను లేచి పోను.

మీ అబ్బా

~

బనియాస్
19 జూలై 2023

అబ్బాకి,

ఆదివారం మీతో ఒక్క ముక్క మాట్లాడలేకపోయా. అరిచా, అంతే. గ్లాసు విసిరినప్పుడు మీకు తగులుతుందనుకోలేదు. చెవి దగ్గర తెగింది చిన్నదే అని అక్క అంటోంది. నాకు చూపించకుండా రుమాలు అడ్డం పెట్టుకున్నారు మీరు.

మీరు అడిగిన దానికి జవాబు రాస్తా. అవును. లీవా రోడ్డు మీద ఒక వంతెన ఉంది. అది మనసులో పెట్టుకునే బండికి ఏమేం వేయాలో లెక్క కట్టా. అది రాసిన రోజుల్లోనే నాకు బాగా నిద్ర పట్టింది. మీరు సంబరపడతారని తెలుసు. తెలిసే అంత తియ్యగా రాశా. ఖాదర్ దగ్గర దొరికిపోతానని మాత్రం అనుకోలేదు. ఒకందుకు సిగ్గేసింది, ఒకందుకు వాడు అంతగా గుర్తుపెట్టుకున్నాడా అనిపించింది.

ఇంకొకటి మీరు తప్పుగా అనుకుంటున్నారు. మిమ్మల్ని రావద్దన్నది ఉద్యోగం ఇప్పించారని కాదు. ఆసుపత్రిలో ఒకరోజు నర్సు వచ్చేలోపే నా పక్క తడిసిపోయింది. మీరు నన్ను అటు తిప్పి, ఇటు తిప్పి దుప్పటి మార్చారు. లుంగీ మార్చారు. తర్వాత బాత్రూంలోకి పోయి కొళాయి తిప్పారు. ఆ నీళ్ళ చప్పుడులో మీరు ఏడవడం నాకు వినబడింది. పుట్టి బుద్ధెరిగాక మీరు ఏడవడం నేను వినలేదు, అమ్మీ పోయినప్పుడు కూడా. మీరు వస్తే మళ్ళీ ఆ కొళాయి తిప్పాల్సి వస్తుందని రావద్దన్నా. అంతే అబ్బా. కోపం కాదు.

మొన్న మీరు కుర్చీ జరుపుకుని నా మంచానికి ఎదురుగా కూర్చున్నారు. నేను అరిచి అరిచి గోడవైపు తిరిగా. మళ్ళీ ఇటు చూసేసరికి మీరు కూర్చున్న చోటే నిద్రపోయారు. మెడ పక్కకి వాలిపోయింది. మేజోళ్ళలోంచి బొటనవేలు బయటికి వచ్చింది. ఎండలో రెండు బస్సులు మారి వచ్చిన మనిషి. నేను మిమ్మల్ని అంతసేపు ఎప్పుడూ చూడలేదు. మీరు ముసలివాళ్ళయిపోయారు. నాకు తెలియకుండా ఎప్పుడయ్యారో.

డాక్టరమ్మ దగ్గరికి పోయా. హిందీలో మాట్లాడింది. ఎక్కువ అడగలేదు. మాత్రలిచ్చింది. వారం వారం రమ్మంది. అవి అక్క దగ్గరే ఉంటాయి, నా చేతికివ్వదు. మొదట కోపమొచ్చింది. ఇప్పుడు పర్వాలేదు.

మీకు అబద్ధం రాయను ఇంక. ఇప్పటికీ పొద్దున లేవగానే ఎందుకు లేచానా అనిపిస్తుంది. కొన్నిరోజులు మధ్యాహ్నం దాకా అదే. నిన్న సాయంత్రం కొంచెం తగ్గింది. రేపెట్లా ఉంటుందో తెలియదు.

బండిని అట్లాగే ఉండనీయండి. పవరు పెంచే పని ఏదీ వద్దు. లివర్ కూడా ఇప్పుడొద్దు. తాళాలు మీరే ఉంచుకోండి. అడగాలనిపించిన రోజు నేనే అడుగుతా. అడుగుతానో లేదో చెప్పలేను.

వచ్చే ఆదివారం అక్కకి డ్యూటీ ఉంది, బావ మార్కెట్‌కి పోతాడు. ఇంట్లో నేనొక్కణ్నే ఉంటానని అక్క భయపడుతోంది. మీరు రండి. తలుపు నేనే తీస్తా. చక్రాల కుర్చీ తిప్పుకుని అక్కడిదాకా రావడానికి నాకు టైం పడుతుంది. బెల్ కొట్టి, ఎవరూ పలకలేదని వెళ్ళిపోకండి.

మీ
షాహుల్