పేరు రాయని కథ

స్టెల్లా,

మన కాలేజీలోనే ఇప్పుడు నేను పాఠాలు చెబుతున్నాను. సాహితీ సంఘం చరిత్ర రాసే పని నా మీదే పెట్టారు. పేరు లేకుండా కథ రాసి పెట్టెలో వేయడం, ఎవరు రాశారని అడగకపోవడం, ఆ పద్ధతి ఇంకా ఉంది.

నిన్న ఒక కథ చదివి వినిపించాను. ఊరిగాంలో బస్సు దిగిన అమ్మాయి వెనకే రోజూ ఒకడు నడుస్తాడు. పాత గని గేటు దగ్గర పేరు పెట్టి పిలుస్తాడు. ఆమె వెనక్కి తిరగదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పట్లో ఇలాంటిదే నీ కథకి మేమూ అలాగే కొట్టాం, మొదటి బహుమతీ ఇచ్చాం. ఆ వారమే నువ్వు ఇంటికి చేరలేదు.

"ఇది ఎవరు రాసినారమ్మా?" అని అడిగేశాను. అందరూ నన్ను వింతగా చూశారు. చప్పట్లు కొట్టని అమ్మాయి ఒకతే తల వంచుకుంది. తర్వాత వరండాలో ఆపితే నవ్వింది.

"ఉత్త కథ మేడమ్. నిజమనుకొంటిరా?"

ఆ రోజు నువ్వూ నాతో ఇదే అన్నావు.

సాయంత్రం బస్సులో ఆమె పక్కనే కూర్చున్నాను. ఊరిగాంలో ఇద్దరం దిగాం. గేటు దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి ఎవరో ఆమెను పేరు పెట్టి పిలిచారు. ఆమె నా చెయ్యి పట్టుకుంది, తల తిప్పలేదు.

నేను తిరిగాను, స్టెల్లా.