అందరూ తాగే గిన్నె

చిరంజీవి చిన్నోడికి అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా కడుపులో తిప్పడం ఒక్కటి తప్ప.

మీ నాన్నగారి దగ్గు తగ్గింది. నా మోకాలి సంగతి అడిగావు, అది ఎప్పటిలాగే ఉంది. "నేను చేసుకుంటానన్న పిల్లని చూడ్డానికి ఎప్పుడు వెళ్తావమ్మా" అని కూడా అడిగావు. వెళ్ళొచ్చాను. నీకూ చెప్పలేదు, వాళ్ళకీ చెప్పలేదు. మీ పిన్ని ఊరికి పోతూ వాళ్ళింట్లో బసకి ఆగిన మనిషిలా ఒక రాత్రి ఉండి వచ్చాను. కోప్పడకు, ముందు విను.

అదేం ఇల్లు నాయనా! పొలం మధ్య రెండువందల ఏళ్ళ నాటి బస ఇల్లని, డబ్బిచ్చి ఒక రాత్రి పడుకోవడానికి జనం వెతుక్కుంటూ వస్తారట. అప్పటినుంచీ ఏదీ మార్చలేదని ఆ పిల్ల తాతగారు ఒకటే గొప్పలు. దుప్పటి కూడా మార్చలేదని పడుకున్నాక తెలిసింది. దిండుకి ఎవరిదో తలనూనె వాసన. గోడ అవతలే పశువుల కొట్టం, ఒకటే పేడ కంపు. చేతులు కడుక్కునే చోట అందరికీ ఒకటే తువ్వాలు, అదీ తడిసి జిగటగా. పిండి డబ్బా మీద పిల్లి నిద్రపోతోంది. ఛీ, రాస్తుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది.

భోజనం దగ్గర అలవాటు కొద్దీ చెంచాని నా చేతిరుమాలుతో తుడిచాను, మళ్ళీ తుడిచాను. వడ్డిస్తున్న ఆ అమ్మాయి అది చూసి ఆగిపోయింది. కాసేపటికి వేడినీళ్ళతో కడిగిన కంచం, గ్లాసు తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళింది. నా శుభ్రం పిచ్చి గురించి నువ్వే ఊదేసి ఉంటావు. నన్ను గుర్తుపట్టేసింది.

పొద్దున బయల్దేరేముందు జరిగింది అసలు ఘోరం. ఆ ఇంట్లో పడుకున్నవాళ్ళంతా ఒకే గిన్నెలో పాలు తాగి వెళ్ళాలట, అలా తాగినవాళ్ళే ఇంటి మనుషులట. గిన్నె అందరినీ చుట్టి తాతగారి దగ్గరికొచ్చింది. ఆయన మీసాలు పాలల్లో మునిగాయి. వాటికి అంటిన మీగడ మళ్ళీ గిన్నెలోకి జారడం ఈ కళ్ళతో చూశాను. తర్వాత వంతు నాది.

నా మొహం చూసి ఆ అమ్మాయి గబగబా వచ్చి గిన్నె అందుకుంది.

"ఆవిడకొద్దులే తాతయ్యా. దారిన పోయే మనిషి, మన మనిషి కాదుగా" అంది. నవ్వుతూనే అంది కానీ నా కళ్ళలోకి మాత్రం చూడలేదు. నన్ను ఆ పాల నుంచి తప్పించడానికి కాబోయే అత్తని పరాయిదాన్ని చేసుకుందిరా పిచ్చిపిల్ల.

ఇందాకటినుంచీ చెప్పలేక నసుగుతున్నది ఇదే. గిన్నె లాక్కుని తాగేశాను. మీగడతో సహా.

"ఎవరు చెప్పారే నీకు, మన మనిషి కాదని?" అన్నాను.

దారిలో బండి ఆపించి కక్కుకున్నాను. ఆ పిల్లని త్వరగా మనింటికి తెచ్చుకో. నన్ను మాత్రం మళ్ళీ ఆ ఇంట్లో పడుకోమనకు.

ఇట్లు,
ఇంకా నోరు పుక్కిలిస్తున్న మీ అమ్మ