దగ్గుకి పదసూచిక

జూన్ 2

దగ్గు మొదలై ముప్పై ఏడో రోజు. మనవరాలు పుట్టి ఇరవయ్యో రోజు. ఇంకా ముఖం చూడలేదు.

పాప నెలలు నిండకుండా పుట్టింది. దగ్గేవాళ్లెవరూ గదిలోకి రాకూడదని పిల్లల డాక్టర్ చెప్పాడట. ఇంట్లో దగ్గేవాణ్ణి నేనొక్కణ్ణే. పేరు రాయకుండా నా మీద జారీ చేసిన ఆర్డరు అది. ఇవాళ తలుపు సందులోంచి ఒక పిడికిలి కనిపించింది. పిడికిలి చూసి ఎవరి పోలికో చెప్పేంత మొనగాణ్ణి కాను.

జూన్ 3, ఉదయం 11

ఎక్స్‌రే, కఫం పరీక్ష, రెండు రిపోర్టులూ వచ్చాయి. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. మా నాన్న పోయింది దగ్గుతోనే. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రిపోర్టు చదువుతుంటే కళ్లజోడు తడిసింది. చెమట.

డాక్టర్ నా కొడుకు కన్నా చిన్నవాడు. సిరప్ రాయమంటే రాయలేదు. దగ్గంటే ఎవరో కొడుతున్న కాలింగ్ బెల్లు సార్, బెల్లు పీకేస్తే వచ్చినవాడు వెళ్లిపోతాడా అన్నాడు. ఎక్కడో చదివి ఉంటాడు. రెండు వారాలు ఇంట్లోనే కనిపెట్టి, ఎప్పుడెప్పుడు వస్తోందో రాసుకుని రమ్మన్నాడు. రక్తం పడినా, ఆయాసం వచ్చినా, బరువు తగ్గినా ఆగకుండా వచ్చేయాలట.

రాసుకోవడం నాకు నేర్పుతున్నాడు! నలభై ఏళ్లు పుస్తకాలకి పదసూచికలు కట్టినవాణ్ణి. పుస్తకం చివర, ఏ మాట ఏ పేజీలో ఉందో అకారాదిగా చెప్పే ఆ పదిపదిహేను పేజీలు ఎవడు రాస్తాడని ఎవడూ అడగడు. నేను రాస్తాను. నూట పన్నెండు పుస్తకాలకి రాశాను.

అటక మీంచి కార్డుల డబ్బా దింపించాను.

జూన్ 6

అక్క ఫోన్. ఎనభై రెండేళ్లు, గొంతు మాత్రం కంచు. ఒరేయ్, చిన్నప్పుడు కూడా పని చెబితే దగ్గేవాడివి అంది. తేనె నాకమంది, ఉప్పునీళ్లు పుక్కిలించమంది, ఆవిరి పట్టమంది. మూడూ చేశాను. గొంతుకి హాయిగానే ఉంది, ఓ గంటసేపు. తర్వాత మళ్లీ మొదలు. సాయంత్రం ఫోన్ చేసి ఆ మాటే చెబితే, నాలుక మీద అంత విషం పెట్టుకుంటే తేనె మాత్రం ఏం చేస్తుందిరా అంది. ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది.

జూన్ 9

ఇరవై ఆరు కార్డులయ్యాయి. ఇస్త్రీ బట్టలు. కొడుకు, అత్తరు. కోడలు: 'పౌడరు' చూడు. గది సున్నం. దిండు దూది. పాత పుస్తకాలు. పై అంతస్తు దర్జీ, పోగులు. దగ్గు వచ్చినప్పుడల్లా, కారణం ఏదై ఉంటుందో చూసి ఆ కార్డు మీద తారీఖు, గంట వేస్తున్నాను. అంతా అకారాదిగా. ఇంత అందమైన సూచిక ఈ మధ్య కట్టలేదు.

దర్జీ దగ్గరికి వెళ్లి, నీ కిటికీలోంచి పోగులు నా గదిలోకొచ్చి పడుతున్నాయన్నాను. పెద్దాయనా, చూపు ఆనక మిషను అమ్మేసి రెండు నెలలైంది అన్నాడు. కార్డు చించలేదు. అబద్ధమూ కావచ్చు.

జూన్ 11

పాపకి అద్దే పౌడరు గురించి కోడలికి చెప్పాను. చెప్పాను అనడం మర్యాద. కేకలేశాను. ఆమె బస్సు డిపోలో టైంటేబుళ్లు వేసే క్లర్కు, ఇప్పుడు కాన్పు సెలవులో ఉంది. బస్సుల చార్టు తప్ప ఇంకో కాగితం చదవగా నేను చూడలేదు. సరే మామయ్యా, మానేస్తాను అంది. డబ్బా తీసుకెళ్లి బయట పారేసింది.

జూన్ 14

మూడు రోజులుగా పౌడరు లేదు. దగ్గు ఉంది.

జూన్ 15, సాయంత్రం 5

పరువు పోయింది.

పాప పడుకున్నాక కోడలు వచ్చి, ఆ కార్డులు ఒకసారి ఇస్తారా అంది. ఇవ్వనన్నాను. అదేంటి మామయ్యా, ముద్దాయికి కేసు కాగితాలు చూపించరా అంది. ఇవ్వక తప్పలేదు. అన్నిటినీ భోజనాల బల్ల మీద గుమ్మరించి పేకముక్కల్లా కలిపేసింది. రెండు వారాల అకారాది క్రమం నా కళ్లముందే మట్టిపాలైంది. తర్వాత గళ్ల కాగితం ఒకటి తెచ్చి, అడ్డంగా గంటలు, నిలువుగా తారీఖులు వేసి, కార్డుల మీది టైములు ఒక్కొక్కటే చుక్కలు పెట్టుకుంటూ పోయింది. దర్జీని ఎక్కించలేదు, అత్తరుని ఎక్కించలేదు, తన పేరూ ఎక్కించలేదు. ఒట్టి గంటలు.

చుక్కలు రెండు చోట్ల చీమల్లా మూగాయి. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడు దాకా. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా. మిగతా కాగితం ఇంచుమించు ఖాళీ. మీ దగ్గు మా బస్సుల కన్నా నయం మామయ్యా, టైముకి వస్తోంది అంది.

ఒంటిగంటకి ఏం చేస్తారని అడిగింది. భోంచేస్తానన్నాను. ఆ తర్వాత అంది. వెల్లకిలా పడుకుని గుండెల మీద పుస్తకం పెట్టుకుని చదువుతాను, నలభై ఏళ్లుగా అంతే అన్నాను. మరి రాత్రి తొమ్మిదింటికి అంది. భోంచేసి, పడుకుని, చదువుతాను. అనేశాక నాకే వినిపించింది. ఆమె పెన్సిలు చెవి మీద దోపుకుని పాప దగ్గరికి వెళ్లిపోయింది.

దగ్గొచ్చిన ప్రతిసారీ ఎవరి మీద తోద్దామా అని చూసి ఆ పేరు కింద గంట వేశాను. ఒకే గంట ఇరవై ఆరు పేర్ల కింద చెల్లాచెదురైంది. అకారాదిలో దోషులు దొరుకుతారు, మధ్యాహ్నం ఒకటిన్నర దొరకదు.

జూన్ 16

డాక్టర్ గళ్ల కాగితం చూసి, ఎవరు వేశారు సార్ అన్నాడు. నేనే అనబోయాను. కోడలన్నాను.

తిని పడుకోగానే పొట్టలో ఆమ్లం గొంతు దాకా ఎగదన్నుతోందట. గుండెల్లో మంట లేకుండా ఉత్త దగ్గే రావచ్చట. తిన్నాక మూడు గంటలు నడుము వాల్చకూడదు. రాత్రి భోజనం ఆరున్నరకే, అదీ కొంచెంగా. మంచం తలవైపు అరడుగు ఎత్తాలి, దిండ్లతో కాదు, కోళ్ల కింద ఏదైనా పెట్టి. మాత్రలు కొన్నాళ్లు. తగ్గడం నెమ్మదిగా ఉంటుంది, విసుక్కోకండి అన్నాడు. నా మొహం మీద రాసి ఉంది కాబోలు.

జూన్ 17

ఇటుకలు తెస్తానన్నాడు కొడుకు. అక్కర్లేదన్నాను. ఒక ప్రొఫెసర్ గారి సమగ్ర రచనలు ఎనిమిది సంపుటాలు అలమారలో ఉన్నాయి. వాటికి పద్నాలుగు నెలలు కూర్చుని సూచిక కట్టింది నేను. ముందుమాటలో భార్యకీ, శిష్యులకీ, టీ కొట్టువాడికీ కృతజ్ఞతలు చెప్పుకున్నాడు మహానుభావుడు. సూచిక మాత్రం ఆకాశం నుంచి ఊడిపడింది.

ఒక్కో కోడు కింద నాలుగేసి పెట్టించాను. మంచం కుంటింది. మూడో సంపుటం మరీ లావు, అందులో ఆయన ఆత్మకథ ఉంది. అటూ ఇటూ మార్చి సరిచేశాం. పుస్తకాల్ని కోళ్ల కింద పెడితే పాపం కాదా నాన్నా అన్నాడు కొడుకు. ఆయన మాటల బరువు ఒకడికి పనికిరావడం ఇదే మొదటిసారి, ఆయనకే పుణ్యం అన్నాను.

బైండింగు గట్టిది. అది ఒప్పుకోవాలి.

జూన్ 22

ఇవాళ చుక్కలు నాలుగే.

జూన్ 25

కుర్చీలో చదవడం శిక్ష. మెడ పట్టేసింది. మెట్ల మీద దర్జీ ఎదురైతే, నీ కార్డు చించేశానయ్యా అన్నాను. ఏ కార్డు పెద్దాయనా అన్నాడు.

జూన్ 28

పాత స్నేహితుడొకడు వస్తే కబుర్లలో పడి రాత్రి తొమ్మిదింటికి తిన్నాను, తిని పడుకున్నాను. పదింటికి పట్టుకుంది. పొద్దున చూస్తే గళ్ల కాగితంలో ఆ చుక్క పక్కన కోడలు రాసింది: బ్రేక్‌డౌన్.

జులై 6

వారం రోజులుగా ఒక్క చుక్కా లేదు. నమ్మకం కుదరక కావాలని దగ్గి చూశాను. ఉత్త శబ్దం వచ్చింది.

పిల్లల డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగింది కోడలే. పర్వాలేదన్నాడట. తలుపు బార్లా తెరిచి, చేతులు కడుక్కు రండి మామయ్యా అంది. రెండుసార్లు కడుక్కున్నాను.

నన్ను బయట నిలబెట్టడం ఆమెకి సరదా అనుకున్నాను ఇన్నాళ్లూ. 'కోడలు, కక్ష' అని ఒక కార్డు కూడా రాశాను. ఆ రోజు బల్ల మీద అదీ ఉంది. చదివింది. చదివి, దాని మీది టైముకి కూడా ఒక చుక్క పెట్టుకుంది.

పాప రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. నా పెద్ద నిఘంటువు ఇంతకన్నా బరువు. దాన్ని ఒంటిచేత్తో దింపేవాణ్ణి, పాపని కుర్చీలో కూర్చుని రెండు చేతులా ఎత్తుకున్నాను.

జులై 7

పాలు తాగాక పాప కక్కుతోంది. అరగంట పడుకోబెట్టకుండా భుజాన వేసుకోవాలట. మధ్యాహ్నం డ్యూటీ నాకు వేసింది కోడలు. ఇవాళ ఇద్దరం పడుకోలేదు.