చివరి కాల్‌లో అత్తయ్యగారు

శుక్రవారం రాత్రి, ధవళేశ్వరం

ఇరవై ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఈ సాయంత్రం ఒక వీడియో కాల్‌తో ముగిసింది. మానేసింది నా ఇష్టంతోనే. అయినా మేనేజర్ గారు పొగుడుతుంటే తల వంచుకుని కీబోర్డు తుడుస్తూ కూర్చున్నాను. ఇంటి నుంచి పని మొదలైనప్పటి నుంచీ, నా కాల్ నడుస్తుంటే కుక్కర్ కూడా పెట్టని అత్తయ్యగారు, తలుపు తీసుకుని లోపలికొచ్చి నా పక్కన కూర్చున్నారు. తెర మీది వాళ్లందరికీ నమస్కారం పెట్టి, "మా అమ్మాయిని బాగా చూసుకున్నారండి. ఇటొస్తే మా ఇంటికి భోజనానికి రావాలండి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఏడ్చేశాను.

కాల్ అయ్యాక, "రేపటి నుంచి ఏం చెయ్యనండీ?" అన్నాను.

"నాతో కబుర్లు చెప్పమ్మా. పక్క గదిలోనే ఉన్నా ఇన్నాళ్లూ నువ్వు నాకు దొరకలేదు" అన్నారావిడ.

ఏ కబురుతో మొదలుపెట్టాలో ఇంకా తోచడం లేదు...