సామికి పీట, అవ్వకు కుర్చీ

గిద్దలూరు

హారికా, ఇది అవ్వకు గట్టిగా చదివి వినిపించు.

అవ్వా, నేను బాగున్నాను. మోకాళ్ళు వంగడం లేదని, దేవుని ముందర కుర్చీలో కూర్చుంటే తప్పని నువ్వు భజనకు పోవడం మానేశావని నాయన చెప్పాడు. మా ఆసుపత్రికి వచ్చే రోశమ్మవ్వదీ నీ బాధే. నిన్న ఆమె గుడిలో కుర్చీ వేసుకుంది. "దేవుని ముందర కుర్చీ ఏంది పెద్దమ్మా?" అని పక్కనామె అడిగింది. "సామి పీట మీద కూచోనుండాడు గదా! ముందు ఆయన్ను కింద కూచోమను" అనింది రోశమ్మవ్వ. పూజారి కూడా నవ్వాడు.

వేణ్ణీళ్ళ కాపడం మానొద్దు. గేదె ఈనిందా? నువ్వు పల్లవి ఎత్తుకోక భజన సాగడం లేదట. శనివారం నాయన కుర్చీ మోసుకొస్తాడు, నువ్వు నడిచి వెళ్ళు. ఆ వేళకు హారిక ఫోను చేస్తుంది. నాకు నీ గొంతు వినిపించాలి.

నీ దీవెన కోరే మనవరాలు,
అమూల్య