మీ అక్క తుపాకి గురించి

వెర్లిన్‌కు,

ఈసారి కౌజు పిట్టల వేటకి మీ అక్క తుపాకి ఇమ్మని రాశావు. గుళ్లు ఎలా పడుతున్నాయో చూడమని నువ్వు నీ తుపాకితో కాల్చి పంపిన కాగితమూ అందింది. చుట్టూ అన్నీ చిల్లులే, నడుమ మాత్రం జానెడు ఖాళీ. పిట్ట అక్కడ కూర్చుని గుడ్లు పెట్టుకోవచ్చు.

"తుపాకి మందు తగ్గించరా, ఎక్కువైతే గుళ్లు చెదిరిపోతాయి, చప్పుడు తిని బతుకుతావా?" అని మీ అక్క ఓర్ఫా ఇరవై ఏళ్లు మొత్తుకుంది. తను చిటికెడు చిటికెడు తగ్గిస్తూ, ప్రతిసారీ కాగితం మీద కాల్చి చూసుకునేది. నువ్వు "నీకేం తెలుసక్కా" అంటూ పెంచుకుంటూ పోయావు.

అయినా తుపాకి ఇవ్వనిది అందుకు కాదు. పోయే ముందు, చివరి వేటరోజున తను కూరిన మందూ గుళ్లూ ఇంకా గొట్టంలోనే ఉన్నాయి. పేల్చి ఖాళీ చేయాలి. నావల్ల కావడం లేదు.

మీ బావ