ఎర్ర దారం వేసిన జోళ్లు

కత్తక్ నెల 3

సుజాన్ పోయి ఇవాళ్టికి నలభై రోజులు. నా పెద్దకొడుకుని రావీ ఏటి ఒడ్డున, మా సిక్కుల్ని వేటాడే పాదుషా సిపాయిలు చంపారు. ఊళ్లోవాళ్లు శవాన్ని ఇంటికి తెచ్చేసరికి కాళ్లకి జోళ్లు లేవు. ఆ పాదాలే కళ్లలో మెదులుతున్నాయి.

మా ప్రార్థన మందిరం ధరమ్‌శాల వంటశాలలో రొట్టెలు కాలుస్తూ ఏడుస్తుంటే పెద్దాయన భాయీ తుల్సా చూశాడు. పిండిలో కన్నీళ్లు పడితే ఉప్పెక్కువవుతుందమ్మా, వాకిట్లో కూర్చుని వచ్చినవాళ్ల జోళ్లు తుడువు అన్నాడు. ఎవరివని అడక్కూడదు. ఆ దుమ్ము నుదుట పెట్టుకోవాలి. అదే సేవ. నాకు అక్షరాలు నేర్పిందీ ఆయనే. తప్పులుంటే గురువు క్షమించాలి.

కత్తక్ 5

నడుం విరుగుతోంది. ఏడుపు మాత్రం కాస్త తగ్గింది.

కత్తక్ 8

ఇవాళ చేతికొచ్చిన జతకి ఎడమ మడమ మీద ఒంటె తోలు అతుకు. మైనపు దారం అయిపోతే చివరి నాలుగు కుట్లు నా దుపట్టాలోంచి లాగిన ఎర్ర దారంతో వేశాను. సుజాన్ జోళ్లకి.

వేలితో తడిమి చూశాను. అవే కుట్లు.

వాటిని తొడుక్కుని వచ్చినవాడు ఉప్పమ్ముకునే కొత్త మనిషి, మిల్ఖీ. మాయీ, అంతలా రుద్దితే అరిగిపోతాయి, కొత్తవి నువ్వు కొనిపెడతావా అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఎలా నవ్వానో. దుమ్ము నుదుట పెట్టుకున్నాను.

కత్తక్ 9

ఆ జోళ్లు ఎవరివో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఊళ్లోవాళ్లు వాణ్ణి నరుకుతారు. అప్పుడు నేను చేసేది సేవా, పగా?

కత్తక్ 11

వాడు రోజూ వస్తున్నాడు. అందరితో బంతిలో కూర్చుని తింటాడు. ఇవాళ అడిగాడు, మీ చిన్నోడు చరతా రెల్లు అడవిలో దాక్కున్నాడటగా, దీపావళికైనా రాడా అని.

ఎందుకు రాడు, పొద్దున్నే వస్తాడు, నా చేతి పాయసం తినందే ఆయనకి పండగేంటి అని చిన్న కోడలు ఖేమీ లోపల్నుంచి అరిచింది.

నోరు మూసుకోవడమే వినయం అనుకున్నాను. అది రెండో కొడుకు మెడ మీదికి వస్తోంది.

కత్తక్ 12

భాయీ తుల్సాకి చెప్పేశాను. వాణ్ణి నేనడగనా, నువ్వడుగుతావా అన్నాడు. నేనే అన్నాను.

సాయంత్రం జోళ్లు అందిస్తూ, ఈ ఎర్ర దారం నాది నాయనా, ఇవి నా కొడుకువి అన్నాను. మిల్ఖీ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తెలిసే తుడిచావా మాయీ, ఇన్నాళ్లూ అన్నాడు. ఉత్త కాళ్లతో వెళ్లిపోయాడు.

కత్తక్ 13

పొద్దున్నే మంచులో ఉత్త కాళ్లతో వచ్చాడు. నా పక్కన కూర్చుని జోళ్లు తుడిచాడు. తర్వాత చెప్పాడు. సుజాన్ దాక్కున్న చోటు సిపాయిలకి చూపింది తనేనట. వాళ్ల జమేదారు మెచ్చుకుని, సుజాన్ కాళ్ల నుంచి ఊడదీసిన ఆ జత తనకి బహుమానంగా విసిరేశాడట. చరతా కోసం రేపు దీపావళి పొద్దున గుర్రాల మీద సిపాయిలు వస్తారట. ఆ కబురూ తనే ఇచ్చాడట.

నన్ను చంపెయ్ మాయీ అన్నాడు.

ముందు చేతిలో ఉన్న జత పూర్తి చెయ్ అన్నాను.

చరతాని రావద్దని చెప్పడానికి ఖేమీని పంపాను. అందరూ రెల్లులోకి వెళ్లిపోయారు. భాయీ తుల్సాని మంచం మీద మోసుకెళ్లారు. ఆకలితో వచ్చేవాడికి ఈ వాకిలి మూసి కనబడకూడదు. నేను ఉంటాను. మిల్ఖీ కూడా వెళ్లలేదు.

దీపావళి

ఏటి అవతల గుర్రాల దుమ్ము లేస్తోంది. మనల్ని పట్టుకుని దూరం నడిపిస్తారు, తొడుక్కో నాయనా అని సుజాన్ జోళ్లు మిల్ఖీ ముందు పెట్టాను. వద్దని ఏడ్చాడు. వంగి నేనే తొడిగాను.